పోనిచ్చిన చేపల లెక్క

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నీళ్ళ అద్దం వెనక చేపల్ని చూపిస్తుంటే బుజ్జి ఒక మాట అడిగాడు. "అన్ని చేపలు కళ్ళ ముందే పోతుంటే అక్కడివాళ్ళు ఎందుకు పట్టుకోరు తాతయ్యా?" అని. ఈలోగా మీ అత్త బయల్దేరదామంది, జవాబు సగంలోనే ఆగిపోయింది. మిగతాది ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

నేను చూపించిన చోటు ఇక్కడ అమెరికాలో, సియాటిల్ ఊళ్ళోని బల్లార్డ్ లాకులు. మన ధవళేశ్వరం లాకుల్లాంటివే. ఒక పక్క సముద్రపు ఉప్పునీరు, రెండో పక్క చెరువుల మంచినీరు, మధ్యలో తలుపులు. 1917లో కట్టారు. పడవలకు తలుపులున్నాయి, మరి చేపలకు? వాటికోసం పక్కనే 21 మెట్లు కట్టారు. ఒక్కో మెట్టూ ఒక చిన్న నీళ్ళ తొట్టి. చేప ఒక తొట్టిలోంచి పై తొట్టిలోకి ఎదురీదుతూ ఎక్కుతుంది. ఆ మెట్ల పక్కన గోడకే అద్దాలు పెట్టారు.

ఆ అద్దం దగ్గర గంటసేపు నిలబడ్డాను. నా మోచేతి పొడవున్న సాల్మన్ అనే చేప ఒకటి నీటి ఉరవడికి ఎదురుగా తోక ఆడిస్తూ ఉన్నచోటే ఆగిపోయింది. పక్కటెముకల మీద పొలుసు ఊడి తెల్లగా గీతలు పడ్డాయి. నీటికుక్క పంటికి దొరికి తప్పించుకుందని అక్కడున్నావిడ చెప్పింది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. ఉన్నట్టుండి ఒక్క విదిలింపుతో పై మెట్టు ఎక్కేసింది. నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాను.

ఆ చేప పుట్టింది ఎక్కడో కొండవాగులో, గులకరాళ్ళ కింద. వేలెడంత ఉన్నప్పుడే సముద్రంలోకి వెళ్ళి, కొన్నేళ్ళు అక్కడే తిని పెరిగి, గుడ్లు పెట్టే కాలానికి పుట్టిన వాగు నీటి వాసన పట్టుకుని వెనక్కి వస్తుంది. నదిలోకి వచ్చాక దాదాపు ఏమీ తినదు. ఆడచేప తోకతో గులకరాళ్ళు తవ్వి వేల గుడ్లు పెడుతుంది. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆడదీ మగదీ రెండూ చనిపోతాయి. అంటే ఒక చేపకు ఆ దారిన పైకి వెళ్ళే అవకాశం జన్మలో ఒక్కసారే. దారిలో వలేసి అన్నిటినీ పట్టేస్తే ఆ వాగుకు మరుసటి తరం లేనట్టే. మన రైతు ఎంత కరువొచ్చినా విత్తనాల వడ్లు దంచుకోడు కదా, పైకి వెళ్ళే చేప ఆ విత్తనమే.

ఈ సంగతి ఇక్కడివాళ్ళకూ ఊరికే తెలిసిరాలేదు. అలాస్కాలో ఒకప్పుడు డబ్బా చేపల కంపెనీలు చేపలొచ్చే దారుల్లో పెద్ద పెద్ద బోనులు పెట్టి తోడేశాయి. 1953 నాటికి పరిస్థితి ఎంత దిగజారిందంటే దేశాధ్యక్షుడే దాన్ని విపత్తుగా ప్రకటించాడు. 1959లో అలాస్కా రాష్ట్రమైంది. ఆ బోనుల్ని నిషేధించింది. చేపల్ని తరగకుండా వాడుకోవాలని తన రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకుంది.

ఇప్పుడు అక్కడ బ్రిస్టల్ బే అనే అఖాతంలో కలిసే నదుల పక్కన కర్ర మంచెలు ఉంటాయి. మనం పొలంలో పిట్టల్ని తోలడానికి వేసే మంచె లాంటివే అనుకోండి. మనిషి పైకెక్కి ప్రతి గంటకూ పది నిమిషాలు ఈ ఒడ్డున, పది నిమిషాలు ఆ ఒడ్డున పోయే చేపల్ని కంటితో లెక్కపెడతాడు. దాన్ని ఆరుతో హెచ్చిస్తే ఆ గంట లెక్క వస్తుంది. పగలూ రాత్రీ అదే పని. వలలో పడ్డ చేపల్ని లెక్కపెట్టడం ఎక్కడైనా ఉంటుంది. వీళ్ళు వల తప్పించుకుని పైకి పోయిన చేపల్ని లెక్కపెడతారు. దాన్నే ఎస్కేప్‌మెంట్ అంటారు. క్వీచాక్ అనే ఒక్క నదికే 20 లక్షల నుంచి కోటి చేపల దాకా పైకి పోవాలని లక్ష్యం. లెక్క వెనకబడితే వేట ఆపుతారు, అందుకుంటే పడవల్ని వదులుతారు. పడవ 32 అడుగులు మించకూడదు, లైసెన్సులూ లెక్క ప్రకారమే. 2022లో ఆ తీరానికి 7.9 కోట్ల సాల్మన్ వచ్చాయి. దాదాపు 6 కోట్లు పట్టుకున్నారు, అయినా నదులకు కావలసినవి నదులకు వెళ్ళాయి. ఇదీ నీ ప్రశ్నకు జవాబు బుజ్జీ. పట్టుకుంటారు, కానీ పోవలసినవి పోయాకే.

ఇంత చేసినా అన్నిచోట్లా బాగుందని చెప్పలేను. అదే అలాస్కాలో యూకాన్ నదికి వచ్చే చినూక్ అనే రకం సాల్మన్ బాగా తగ్గిపోయింది. నీరు వేడెక్కడం కూడా ఒక కారణమంటున్నారు. 2024లో అమెరికా, కెనడా కలిసి ఏడేళ్ళపాటు ఆ చేపను పట్టకూడదని ఒప్పందం చేసుకున్నాయి. ఆ నది ఒడ్డున తరతరాలుగా ఆ చేప ఎండబెట్టుకుని చలికాలం గడిపే ఊళ్ళున్నాయి. వాళ్ళ పొయ్యిల దగ్గర ఈ ఏడేళ్ళూ ఎలా గడుస్తాయో అని నాకు బెంగగా ఉంటుంది.

చేపల మీద హక్కు కోసం జైలుకెళ్ళిన మనిషి కథ కూడా వినండి. సియాటిల్ చుట్టుపక్కల ఉండే ఆదివాసీ తెగలవాళ్ళు 1854–55లో ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల్లో భూములు వదులుకుని, తాతల నాటి రేవుల్లో చేపలు పట్టుకునే హక్కు మాత్రం ఉంచుకున్నారు. తర్వాత ఆ హక్కునే నేరమన్నారు. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను 1945లో, పద్నాలుగేళ్ళ వయసులో, చేపలు పడుతున్నాడని అరెస్టు చేశారు. ఆ తర్వాత యాభైసార్లకు పైగా చేశారు. 1974 ఫిబ్రవరి 12న జడ్జి జార్జ్ బోల్ట్, పట్టదగ్గ చేపల్లో సగం తెగలవేనని తీర్పిచ్చాడు. అప్పట్నుంచి సాల్మన్ సంగతి నిర్ణయించేటప్పుడు ప్రభుత్వంతోపాటు తెగలూ కూర్చుంటాయి.

సియాటిల్‌కు పడమట ఎల్వా అని ఒక నది ఉంది. 1913లో సముద్రానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలోనే దానికి ఆనకట్ట కట్టారు, చేపలకు మెట్లు లేకుండానే. చట్టం మెట్లు కట్టమన్నా కట్టలేదు. దాదాపు వందేళ్ళు ఆ గోడ కింది వరకే వచ్చి ఆగిపోయాయి చేపలు. 2011 నుంచి 2014 వరకు పైనున్న రెండో ఆనకట్టతో సహా మొత్తం తీసేశారు. 2023లో ఆ నది ఒడ్డున ఉండే క్లాలమ్ తెగవాళ్ళు మళ్ళీ కోహో అనే రకం సాల్మన్ పట్టారు.

ఇది చదువుతుంటే మీకు పులస గుర్తుకొస్తోందా? నాకు ఆ అద్దం దగ్గర నిలబడ్డంతసేపూ అదే గుర్తుకొచ్చింది. అదీ సముద్రంలో పెరిగి, ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి గోదారికి ఎదురీదే చేపే. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దానికీ అడ్డమే. ఆ ఆనకట్టే మనకు అన్నం పెట్టింది, కాదనను. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట ఆపుతారు, అది మంచి పని. కానీ పులస గోదారి ఎక్కేది ఆ గడువు అయిపోయాక. పుస్తెలమ్మైనా పులస తినాలంటాం. ఎన్ని పైకి పోయాయని మన రేవులో ఎవరైనా అడగ్గా నేనైతే ఎప్పుడూ వినలేదు.

ఇప్పుడు అక్కడ గోదారి ఎర్రగా ఉండి ఉంటుంది. ఒక పని చేసిపెట్టండి. ఆదివారాలు నాన్నతో రేవుకు వెళ్ళి, పడవలు ఒడ్డుకొచ్చాక పులస ఎన్ని పడ్డాయో, ఎంత బరువుందో, కడుపులో గుడ్లున్నాయో లేదో అడిగి తారీఖుతో సహా నోటుబుక్కులో రాయండి. వేటకెళ్ళిన పెద్దవాళ్ళను మామయ్యా, తాతా అని పిలిచి అడగండి, విసుక్కోకుండా చెప్తారు. చిన్ని అక్షరాలు బాగుంటాయి కాబట్టి తనే రాయాలి. సంక్రాంతికి వచ్చాక ఆ పుస్తకం ముందేసుకుని కూర్చుందాం.

ప్రేమతో,
తాతయ్య