రాని ఫోన్ కాల్: మార్టీ టాంక్లెఫ్ కేసు వెనక కథ

ఇంటరాగేషన్‌లో పోలీసులు అబద్ధం చెప్పొచ్చా లేదా అన్న గొడవ న్యూయార్క్‌లో ఎప్పుడు లేచినా మార్టీ టాంక్లెఫ్ పేరు వచ్చి తీరుతుంది. లాంగ్ ఐలాండ్‌లో బెల్ టెర్ అనే డబ్బున్నోళ్ళ ఊరు, 1988లో తల్లిదండ్రుల హత్య, దత్తత కొడుకు మార్టీ మీద కేసు, 17 ఏళ్ళకి పైగా జైలు, తర్వాత విడుదల, ఇదంతా చాలామందికి తెలిసిందే కాబట్టి మొదట్నుంచి మళ్ళీ చెప్పను. నా లెక్కలో ఈ కేసంతా ఒక్క ఫోన్ కాల్ మీద నడిచింది. అది కూడా అసలు రాని కాల్.

సెప్టెంబర్ 7 పొద్దున, హైస్కూల్ ఆఖరి సంవత్సరం మొదటి రోజు. 17 ఏళ్ళ మార్టీ లేచి చూసేసరికి తండ్రి సేమూర్ తన ఆఫీసు గదిలో రక్తపు మడుగులో ఉన్నాడు, ఇంకా ఊపిరి ఆడుతోంది. 911 (అక్కడి ఎమర్జెన్సీ నంబర్)కి ఫోన్ చేసింది మార్టీయే. తల్లి ఆర్లీన్ బెడ్‌రూంలో అప్పటికే చనిపోయి ఉంది. వచ్చిన పోలీసులకి కుర్రాడు వెంటనే ఒక పేరు చెప్పాడు. నాన్నతో కలిసి బేగెల్ (గాజులా గుండ్రంగా ఉండే రొట్టె) షాపులు నడిపే భాగస్వామి, నాన్నకి లక్షల డాలర్లు బాకీ, ముందు రాత్రి ఆ ఇంట్లో జరిగిన పేకాట నుంచి అందరికంటే ఆఖర్న వెళ్ళింది కూడా ఆయనే. డిటెక్టివ్‌లకి మాత్రం ఈ పేరు కంటే కుర్రాడి మొహమే ఎక్కువ అనుమానంగా కనిపించింది, ఏడవట్లేదేంటి, ఇంత నిబ్బరంగా ఎలా మాట్లాడుతున్నాడు అని. (ఎవరైనా సొంతవాళ్ళు పోయినప్పుడు మొదటి గంటలో ఎలా ఉన్నారో గుర్తుచేసుకుంటే ఇది ఎంత పనికిమాలిన లెక్కో తెలుస్తుంది.)

అక్కణ్ణుంచి యాప్‌హాంక్‌లోని పోలీసు హెడ్‌క్వార్టర్స్‌కి తీసుకెళ్ళారు. లాయర్ లేడు, పెద్దవాళ్ళు లేరు. అప్పట్లో న్యూయార్క్ చట్టం ప్రకారం క్రిమినల్ కేసుల్లో 16 దాటితే పెద్దవాడి కిందే లెక్క, అది మారడానికి 2018, 2019 దాకా పట్టింది. అయినా ఆ రోజు అమ్మానాన్నల్ని పిలవండి అని అడిగే వీలు కూడా లేదు కదా, ఒకరు మార్చురీకి, ఒకరు హాస్పిటల్‌కి.

డిటెక్టివ్ జేమ్స్ మెక్‌క్రెడీ ముందు చిన్న చిన్న అబద్ధాలతో మొదలెట్టాడు. మీ అమ్మ చేతిలో నీ వెంట్రుకలు దొరికాయన్నాడు, నువ్వు పొద్దున స్నానం చేశావని తేమ టెస్టులో తేలిందన్నాడు, అలాంటి టెస్ట్ ఏదీ జరగలేదు. కుర్రాడు కాదంటూనే ఉన్నాడు. అప్పుడు మెక్‌క్రెడీ బయటికెళ్ళి, లోపలున్న మార్టీకి వినపడేలా ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించి, తిరిగొచ్చి చెప్పాడు: మీ నాన్నకి ఇంజెక్షన్ ఇస్తే కోమాలోంచి లేచాడు, తనని కొట్టింది నువ్వేనని చెప్పాడు.

సేమూర్ అసలు లేవనే లేదు. నెల తర్వాత ఒక్క మాట కూడా మాట్లాడకుండానే చనిపోయాడు.

ఇక్కడే ఆగి చూడాలి. వెంట్రుకలు, టెస్టులు అంటే కాదు పొమ్మనొచ్చు. నాన్న చెప్పాడు అంటే ఆ వయసు కుర్రాడు ఏమంటాడు? మార్టీ మొదట, నాన్న ఆఖర్న చూసింది నన్నే కాబట్టి అలా అన్నాడేమో అని సర్దిచెప్పుకోవాలని చూశాడు. తర్వాత, నాకు తెలీకుండా నేనే చేసుంటానా, స్పృహ తప్పిందా అని అడగడం మొదలెట్టాడు. నాన్న అబద్ధం చెప్పడు అన్న నమ్మకం ఒక పక్క, నేను చెయ్యలేదు అన్న జ్ఞాపకం ఇంకో పక్క, రెండూ నిజమవ్వాలంటే మిగిలే దారి అదొక్కటే. దాన్నే పోలీసులు కన్ఫెషన్, అంటే నేరం ఒప్పుకోలు, అన్నారు. రాసింది డిటెక్టివ్, సంతకం లేదు, టేపూ లేదు. ఇంటి లాయర్ ఫోన్ చేసి ఆపమన్నాక ఆగింది, మార్టీ ఆ కాగితం మీద ఎప్పుడూ సంతకం పెట్టలేదు.

అందులో ఏముందంటే డంబెల్ రాడ్‌తో కొట్టాడట, పుచ్చకాయ కోసిన కత్తితో పొడిచాడట. రెండింటి మీదా రక్తం దొరకలేదు. ఎందుకు చేశాడంటే, పాత కారు నడపమన్నారని ఇంట్లోవాళ్ళ మీద కోపంట. ఇంకోటి, హత్య జరిగిన వారంలోనే ఆ బేగెల్ భాగస్వామి తను చచ్చిపోయినట్టు సీన్ క్రియేట్ చేసి, గడ్డం గీసుకుని, పేరు మార్చుకుని కాలిఫోర్నియా చెక్కేశాడు. దొరికాక కూడా పోలీసులు ఆయన్ని సస్పెక్ట్ కాదన్నారు. ఆయన మీద ఎప్పుడూ కేసు పెట్టలేదు, తనకేం సంబంధం లేదనే ఆయన చెప్తూ వచ్చాడు, అది కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా.

పోలీసుల వైపు వాదన చిన్నదే. నేరస్తుల్ని మాట్లాడించడానికి కాస్త మోసం తప్పదు, చెయ్యనివాడు చేశానని ఎందుకంటాడు అని. 1969లో ఫ్రేజర్ వర్సెస్ కప్ కేసులో సుప్రీంకోర్టు కూడా, నీ కజిన్ ఒప్పేసుకున్నాడు అని పోలీసులు అబద్ధం చెప్పినా ఆ కన్ఫెషన్ చెల్లుతుంది అంది, ఇవాళ్టికీ అందరూ పట్టుకుని వేలాడేది దాన్నే. కానీ ఈ కేసు నడిపిన సఫోక్ కౌంటీ (జిల్లా లాంటిది) పోలీసుల చరిత్ర వేరే. 1986లో న్యూస్‌డే పేపర్ అక్కడి హత్య కేసులు తవ్వితే 94 శాతం కేసుల్లో కన్ఫెషన్ ఉందని తేలింది, ఏ ఊళ్ళోనైనా హంతకులు ఇంత నిజాయితీగా ఉంటారా చెప్పండి. 1989లో స్టేట్ విచారణ కమిషన్ ఆ డిపార్ట్‌మెంట్‌ని కడిగేసింది, ఇదే మెక్‌క్రెడీ ఇంకో హత్య కేసులో కోర్టులో అబద్ధం చెప్పాడని కూడా రాసింది. ఆ మరుసటి ఏడు, 1990లో, జ్యూరీ మార్టీని దోషి అంది. శిక్ష 50 ఏళ్ళ నుంచి జీవితాంతం దాకా.

ఇంకో సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 1993, 1994లో అప్పీల్ కోర్టులు కన్ఫెషన్ చెల్లుతుందనే అన్నాయి. 2007 డిసెంబర్‌లో అప్పీల్ కోర్టు శిక్ష కొట్టేసింది కూడా ఆ అబద్ధం వల్ల కాదు. రిటైర్డ్ న్యూయార్క్ డిటెక్టివ్ జే సాల్పీటర్ ఏళ్ళ తరబడి తిరిగి, ఆ రాత్రి ఇంకెవరినో కార్లో ఆ ఇంటికి తీసుకెళ్ళానన్న మనిషి దాకా వెళ్ళాడు, ఇంకా సాక్షులు బయటికొచ్చారు, ఆ కొత్త సాక్ష్యం వల్ల కొట్టేసింది. 2008లో స్టేట్ కేసు ఎత్తేసింది. తర్వాత స్టేట్ నుంచి 30 లక్షల డాలర్లకి పైగా, 2018లో కౌంటీ నుంచి కోటి డాలర్లు వచ్చాయి, మార్టీ లా చదివి లాయరయ్యాడు. డబ్బులిచ్చారు గానీ ఆ ఫోన్ కాల్ తప్పు అని మాత్రం ఏ తీర్పూ శిక్ష కొట్టెయ్యడానికి కారణంగా చూపించలేదు. గొడవ ఇంకా చల్లారకపోవడానికి కారణం ఇదే అని నా అభిప్రాయం.

మార్టీ ఒక్కడే కాదు. 1998లో కాలిఫోర్నియాలోని ఎస్కండిడోలో 14 ఏళ్ళ అబ్బాయిని సొంత చెల్లెలి హత్యలో ఇలాగే కూర్చోబెట్టారు, సాక్ష్యాలు దొరికాయని అబద్ధాలు, గొంతు బట్టి అబద్ధం పట్టేస్తుందని ఒక మెషీను, ఆఖరికి వాడు కూడా నాకు గుర్తులేదు గానీ నేనే చేసుంటా అన్నాడు. చెల్లెలి రక్తం మాత్రం ఆ చుట్టుపక్కల తిరిగిన వేరే మనిషి బట్టల మీద దొరికింది. 2012లో జడ్జి ఆ అబ్బాయి నిర్దోషి అని ప్రకటించాడు. అక్కడ మొత్తం వీడియో ఉంది కాబట్టి కుర్రాణ్ణి ఎలా విరిచేశారో జనం కళ్ళారా చూశారు, మార్టీకి ఆ అదృష్టం కూడా లేదు.

మన దగ్గర పోలీసుకిచ్చిన కన్ఫెషన్ కోర్టులో చెల్లదు, బ్రిటిషోళ్ళ కాలం నుంచే ఆ రూల్ ఉంది, అందుకే ఈ తలనొప్పి మనకి కొత్తగా అనిపిస్తుంది. (మన తలనొప్పులు వేరే అనుకోండి.) అమెరికాలో 2021లో ఇల్లినాయ్, 18 లోపు వాళ్ళకి అబద్ధం చెప్పి రాబట్టిన కన్ఫెషన్ మీద కట్టడి పెట్టింది, అదే ఏడు ఆరెగాన్, 2022లో యూటా, కాలిఫోర్నియా, తర్వాత ఇంకొన్ని స్టేట్లు. న్యూయార్క్‌లో బిల్లు ఏళ్ళ తరబడి నలుగుతూ ఉంది. అక్కడ మారిందల్లా, 2018 నుంచి పెద్ద కేసుల్లో స్టేషన్లో జరిగే ఇంటరాగేషన్ వీడియో తీయాలి అని. అంటే మెక్‌క్రెడీ ఆడిన లాంటి నాటకమే బిల్లు పాసయ్యేదాకా ఎవరైనా ఆడొచ్చు, కాకపోతే కెమెరా ముందు.