పని వేళల్లో ఫోన్: ఒక్క కుర్రాళ్లనే అంటే ఎలా?

మిర్యాలగూడ రైస్ మిల్లులో అడగండి, నల్లగొండలో ఏ ఆఫీసులోనైనా అడగండి, యాభై దాటినవాళ్లు చెప్పేది ఒకటే: ఈ పోరగాళ్లకు పని మీద ధ్యాస లేదు, ఎప్పుడు చూసినా ఫోనే. అందులో నిజం లేకపోలేదు, కానీ సొంత ఫోన్ పనిలోకి ఎట్లా వచ్చిందో చూడకుండా తిట్టడం అన్యాయం.

ఒకప్పుడు మిల్లులో ఫోనంటే సేటు టేబుల్ మీదే, ఎవరూ డయల్ తిప్పకుండా చిన్న తాళం కూడా వేసేవాళ్లు. 1995లో దేశంలోకి మొబైల్ వచ్చినా వచ్చిన కాల్‌కి కూడా డబ్బులు కట్టాలి కాబట్టి మామూలు జనం దాని జోలికి పోలేదు. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాక గుమాస్తా, మేస్త్రీ, లారీ డ్రైవర్ అందరూ కొన్నారు, దాంతో పని సులువైంది కూడా.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చౌకయ్యాక రీల్స్ కంటే ముందు ఆఫీసే మన ఫోన్లో దూరింది. మెమోకి బదులు వాట్సాప్ గ్రూపు, కాటా చీటీకి బదులు దాని ఫొటో, రాత్రి పదింటికి సారు మెసేజ్. ఫోన్ మనది, రీచార్జ్ మనది! ఉపాధి హామీ 2006లో మొదలైన తొలి 200 జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి, అప్పుడు హాజరు కాగితం మస్టర్ మీదే. 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో తప్పనిసరి చేశారు, దానికి కూలీల పని చూసే మేట్లు చాలామంది వాడింది సొంత ఫోనే. ఇక ఫోన్ పక్కన పెట్టమని ఏ ముఖం పెట్టుకుని చెప్తాం?

ఫోన్ సైలెంట్‌లో ఉన్నా సరే, టేబుల్ మీద ఉంటే చాలు ఏకాగ్రత తగ్గుతుందని 2017లో టెక్సాస్ యూనివర్సిటీ వాళ్లు చెప్పారు. అయితే ఆ పరీక్ష చేసింది కాలేజీ పిల్లల మీద, తర్వాత చేసి చూసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు. దాన్ని పట్టుకుని యాభై ఏళ్లవాళ్లు మేలని తేల్చలేం. ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు పంపేది ఎవరో అందరికీ తెలిసిందే.

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) ఉన్నవాటిలాంటి మందుల కంపెనీల్లో సంగతి వేరు. మందులో మలినం కలవకూడదు, తేలిగ్గా అంటుకునే సాల్వెంట్ (ద్రావకం) ఆవిర్లు ఉన్నచోట నిప్పురవ్వ పుట్టకూడదు, అందుకే ఉత్పత్తి జరిగే చోటికి ఫోన్ రానివ్వరు. ఆ రూల్ చిన్నాపెద్దా అందరికీ ఒకటే, అది న్యాయం. కాకపోతే ఊళ్లో పసిపిల్లను అత్తకు అప్పగించి షిఫ్టుకొచ్చిన తల్లికి ఇంటి నుంచి కబురందాలంటే గేటు దగ్గర ఎత్తే ఫోన్ ఒకటి ఉండాలి, ఆ నంబర్ ఇంట్లోవాళ్ల దగ్గర ఉండాలి. ఫోన్లు బయటే వదిలేయడానికి లాకర్ పెట్టిన ప్రతి కంపెనీ ముందు ఆ ఏర్పాటు చెయ్యాలి.