మౌంట్ పెట్టె మీద రాసిన కిలోలు: అపోహలు, వాస్తవాలు

"అన్నా, నా టెలిస్కోప్, కెమెరా అన్నీ కలిపి 4.7 కిలోలు. మౌంట్ 5 కిలోలు మోస్తుందని రాశారు. సరిపోతుంది కదా?"

వారానికి ఒకరైనా ఈ ప్రశ్నతో వస్తారు. మౌంట్ అంటే టెలిస్కోప్‌ను మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే యంత్రం. అది విరగదు, మోటారు కాలదు, ఆ మాట నిజమే. ఫొటోలో నక్షత్రాలు గుండ్రంగా వస్తాయా రావా అన్నది మాత్రం వేరే లెక్క. ఆ లెక్క పెట్టె మీద ఉండదు. ఈ రంగంలో కొత్తవాళ్ల డబ్బు ఎక్కువగా మునిగేది ఇక్కడే. అందుకే దీని గురించి తీరిగ్గా, మిగతావాటి గురించి గబగబా చెబుతాను.

అపోహ: బరువు మోస్తే చాలు, ఫొటో వస్తుంది

ఆకాశం సెకనుకు 15 ఆర్క్‌సెకన్ల చొప్పున తిరుగుతుంది. మౌంట్ దానితో సమానంగా తిరగాలి. ఒక ఆర్క్‌సెకను ఎంతంటే, 206 మీటర్ల అవతల పెట్టిన ఒక మిల్లీమీటరు మన కంటికి చేసే కోణం. వీధి చివర గోడ మీద పెన్సిల్ గీత మందం అనుకోండి. కిలోల సంఖ్య చూసి ఈ పని ఎలా జరుగుతుందో చెప్పలేం.

ముందు మీ పిక్సెల్ స్కేల్ లెక్కగట్టండి. కెమెరా పిక్సెల్ సైజును మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, ఫోకల్ లెంగ్త్ మిల్లీమీటర్లతో భాగించాలి. ఒక పిక్సెల్ ఎన్ని ఆర్క్‌సెకన్ల ఆకాశాన్ని చూస్తోందో వస్తుంది. 3.9 మైక్రాన్ల పిక్సెళ్లున్న డీఎస్‌ఎల్‌ఆర్‌కు 135 మి.మీ. లెన్స్ తగిలిస్తే పిక్సెల్‌కు 6 ఆర్క్‌సెకన్లు. అదే కెమెరాను 600 మి.మీ. రిఫ్రాక్టర్‌కు (కటకాల టెలిస్కోప్) పెడితే 1.3.

ఇప్పుడు రెండింటినీ ఒకే ట్రాకర్ (చిన్న, తేలికపాటి మౌంట్) మీద పెట్టి చూద్దాం. చిన్న ట్రాకర్లలో వార్మ్ గేర్, అంటే ఇరుసును తిప్పే స్క్రూ లాంటి కడ్డీ, ఒక చుట్టు తిరగడానికి సుమారు 10 నిమిషాలు పడుతుంది. ఆ చుట్టులో అది కాసేపు ముందుకు జరుగుతుంది, కాసేపు వెనకబడుతుంది. అదే పీరియాడిక్ ఎర్రర్. అది ±15 ఆర్క్‌సెకన్లే అనుకుందాం, చిన్న ట్రాకర్‌కు ఇది మంచి మార్కు. చెడ్డ ఘడియలో పడిన ఒక నిమిషం ఎక్స్‌పోజర్‌లో నక్షత్రం 9 ఆర్క్‌సెకన్లు జారుతుంది. 135 మి.మీ. దగ్గర అది ఒకటిన్నర పిక్సెల్, చూసినా ఎవరూ పట్టించుకోరు. 600 దగ్గర అదే 7 పిక్సెళ్లు, ప్రతి నక్షత్రమూ బియ్యపు గింజే. మౌంట్ మారలేదు, దోషం మారలేదు, మారిందల్లా ఫోకల్ లెంగ్త్.

"గైడింగ్ పెడితే పోదా?" అంటారు. గైడ్ కెమెరా అనే రెండో చిన్న కెమెరా ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంట్‌కు దిద్దుబాట్లు చెప్పడమే గైడింగ్. నెమ్మదిగా వచ్చే జారుడును అది దిద్దుతుంది. గాలి తోపును, చాలీచాలని ట్రైపాడ్ ఊగును దిద్దలేదు. గైడ్ కెమెరా రెండు సెకన్లకోసారి చూసి చెప్పేలోపే ఊగి, ఆగి, మళ్లీ ఊగుతుంది.

బరువు అసలే ముఖ్యం కాదని కాదు. అది ఎక్కడ ఉందన్నది ఇంకా ముఖ్యం. 15 సెం.మీ. వ్యాసం, 70 సెం.మీ. పొడవున్న న్యూటోనియన్ (అద్దాల టెలిస్కోప్) గొట్టం, గుప్పెడంత రిఫ్రాక్టర్ ఒకే బరువు తూగినా మౌంట్‌కు అవి ఒకటి కావు. లావు గొట్టం బరువు ఇరుసుకు దూరంగా ఉంటుంది. పొడుగు గొట్టం గాలికి తెరచాప అవుతుంది, కదిలితే ఆగడానికి ఎక్కువ సేపు తీసుకుంటుంది. వార్మ్ గేర్ మౌంట్లకు పెట్టె మీద రాసిన బరువులో సగం, మహా అయితే 60 శాతం దగ్గర ఆగిపొమ్మని చెప్పేది అందుకే. పెట్టె మీది అంకె కంటితో చూసేవాళ్లకు పనికొస్తుంది, ఫొటోలు తీసేవాళ్లకు కాదు.

తూచేటప్పుడూ పొరపాటు జరుగుతుంది. గొట్టం బరువు ఒక్కటే వేసుకుంటారు. రింగులు, డవ్‌టెయిల్ పట్టీ, గైడ్ స్కోప్, దాని కెమెరా, ఫోకస్ మోటారు, డ్యూ హీటర్, చిన్న కంప్యూటర్, కేబుళ్లు అన్నీ బిగించి, సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసుకు వేలాడదీసి చూడండి. 3 కిలోల టెలిస్కోప్ 5 దాటడం మామూలే. టెలిస్కోప్‌కు ఎదురుగా తూకానికి పెట్టే కౌంటర్‌వెయిట్‌ను ఈ లెక్కలో కలపక్కర్లేదు.

మరి ఏం కొనాలి? 135 మి.మీ. వరకు, ఓపికుంటే 200 దాకా లెన్సులకు స్టార్ అడ్వెంచరర్ 2ఐ, స్కైగైడర్ ప్రో లాంటి ట్రాకర్లు చక్కగా సరిపోతాయి. రెండింటికీ 5 కిలోలని రాస్తారు, మీరు రెండున్నర దగ్గర ఆగండి. 2ఐలో ఉత్తర దక్షిణాలకు తిప్పే డెక్ ఇరుసుకు మోటారు లేదు, వస్తువును తానే వెతికిపెట్టే గోటో లేదు. ఊరి వెలుతురులో వస్తువును వెతుక్కోవడం మీ పనే. 250 మి.మీ. చిన్న రిఫ్రాక్టర్‌కైతే రెండు ఇరుసులకూ మోటార్లున్న స్టార్ అడ్వెంచరర్ జీటీఐ, దానికి గైడింగ్. 400 నుంచి 700 మధ్య హెచ్‌ఈక్యూ5 తరగతి వార్మ్ మౌంట్, లేదంటే వార్మ్ బదులు వంగే పళ్లచక్రంతో తిరిగే హార్మోనిక్ డ్రైవ్ మౌంట్. ఇక 1000 మి.మీ. దాటితే 'పోర్టబుల్' అన్న మాట మరిచిపోండి. ఈక్యూ6-ఆర్ అనే పెద్ద మౌంట్ తలకాయ ఒక్కటే 17 కిలోల పైచిలుకు. ట్రైపాడ్, రెండు 5 కిలోల బరువులు కలిపితే 35 కిలోల దాకా తేలుతుంది. లిఫ్ట్ లేని మేడ మీదికి మూడు విడతలు ఎక్కించాలి. మొదటి నెల ఎక్కిస్తారు, రెండో నెల నుంచి మంచం కింద ఉంటుంది.

ఇప్పటికే చిన్న ట్రాకర్, పెద్ద గొట్టం కొనేసి దిగులుపడుతున్నవాళ్లకు ఒక మాట: ట్రాకర్ అమ్మకండి. గొట్టాన్ని పక్కన పెట్టి పాత 135 మి.మీ. లెన్స్ ఒకటి వెతకండి. ఓరియన్ బెల్ట్ నుంచి కత్తి దాకా ఒకే ఫ్రేములో వస్తుంది. ఆ ట్రాకర్ మీద పెద్ద గొట్టం ఎన్నటికీ ఇవ్వని ఫొటో అది.

అపోహ: హార్మోనిక్ మౌంట్ కొంటే అన్ని బాధలూ తీరతాయి

కొన్ని తీరతాయి. ఈ రకానికి చెందిన ఏఎం5 బరువు 5 కిలోలు, కౌంటర్‌వెయిట్ లేకుండానే 13 కిలోలు మోస్తుంది. బ్యాలెన్స్ చేసే పని దాదాపు లేదు, బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదులు) కూడా లేనట్టే. రైల్లో, విమానంలో తీసుకెళ్లేవాళ్లకు నిజంగా వరమే.

కానీ గైడింగ్ లేకుండా ఇది పనికిరాదు. ఈ విషయం ఎవరూ గట్టిగా చెప్పరు. దీని పీరియాడిక్ ఎర్రర్ ±20 ఆర్క్‌సెకన్ల వరకు ఉండొచ్చు, 432 సెకన్లకొక చుట్టు. లెక్కేస్తే చెడ్డ చోట 30 సెకన్లలో 8 నుంచి 9 ఆర్క్‌సెకన్ల జారుడు. గైడ్ ఎక్స్‌పోజర్ అర సెకను నుంచి ఒక సెకను మధ్య పెట్టాలి. పాత మౌంట్ అలవాటుతో 3 సెకన్లు పెడితే గైడింగ్ గ్రాఫ్ రంపంలా కనిపిస్తుంది. "మౌంట్ పాడైంది" అని చాలామంది బెంబేలెత్తేది ఆ గ్రాఫ్ చూసే. మొత్తం ఆర్‌ఎంఎస్ (గైడింగ్‌లో సగటు తప్పు) మీ పిక్సెల్ స్కేల్‌లో సగం చుట్టుపక్కల ఉండి, ఆర్.ఏ. (తూర్పు పడమరల ఇరుసు), డెక్ అంకెలు దాదాపు సమానంగా ఉంటే గ్రాఫ్ మూసేసి పడుకోవచ్చు.

ఇంకొకటి. కౌంటర్‌వెయిట్ లేదంటే గొట్టం పక్కకు వాలినప్పుడు బరువంతా ట్రైపాడ్ కాళ్ల బయటికి వస్తుంది. తేలికపాటి కార్బన్ ట్రైపాడ్ బోర్లా పడేది అప్పుడే. కాళ్లు పూర్తిగా విప్పి, పొట్టిగా ఉంచి, మధ్యలో 5 లీటర్ల నీళ్ల డబ్బా వేలాడదీయండి. డబ్బా నేలకు కొద్దిగా ఆనాలి, లేకపోతే లోలకంలా ఊగి అదే కొత్త తలనొప్పి.

అపోహ: ధ్రువ నక్షత్రం మధ్యలో పెడితే పోలార్ అలైన్‌మెంట్ అయిపోయినట్టే

పోలార్ అలైన్‌మెంట్ అంటే మౌంట్ ఇరుసును ఆకాశ ధ్రువానికి గురిపెట్టడం. ధ్రువ నక్షత్రం ఆ అసలు ధ్రువానికి 37 ఆర్క్‌నిమిషాల పైన దూరంలో ఉంది, చంద్రబింబం వెడల్పు కంటే ఎక్కువే. దాన్ని సరిగ్గా నడిమధ్య పెడితే నిమిషానికి 10 ఆర్క్‌సెకన్ల దాకా డెక్ జారుతుంది. ఇరుసును గురిపెట్టడానికి ఉండే చిన్న పోలార్ స్కోప్‌లో వలయం గీసింది అందుకే. ఆ వలయం మీద ఏ గంటకు ఎక్కడ పెట్టాలో ఫోన్ యాప్ చెబుతుంది.

దీనికి వ్యతిరేకం కూడా ఉంది. సున్నా వచ్చేదాకా గంటన్నర స్క్రూలు తిప్పుతూ కూర్చునేవాళ్లున్నారు. 5 ఆర్క్‌నిమిషాల తప్పు మిగిలితే జారుడు నిమిషానికి 1.3 ఆర్క్‌సెకన్లే. 250 మి.మీ. టెలిస్కోప్, 2 నిమిషాల సబ్ (ఒక్కో విడి ఎక్స్‌పోజర్) అయితే అది ఒక పిక్సెల్ కూడా కాదు. ఆ గంటన్నర ఫొటోలు తీసుకోండి.

మన అక్షాంశం సంగతి వేరు. వీడియోల్లో చెప్పేవాళ్లు చాలామంది 40, 50 డిగ్రీల దగ్గర ఉంటారు. డాలస్‌లో ఉన్న మనవాళ్లకు ధ్రువ నక్షత్రం 33 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. హైదరాబాద్‌లో 17, తిరుపతిలో పదమూడున్నర. అంటే పక్కింటి వాటర్ ట్యాంక్ వెనక, మసకలో. కాబట్టి పెరట్లోంచి తీసేవాళ్లు ప్లేట్ సాల్వ్‌తో (ఫొటోలోని నక్షత్రాలను బట్టి చోటు కనిపెట్టడం) ఆకాశంలో ఏ మూలనుంచైనా పోలార్ అలైన్‌మెంట్ చేసే సాఫ్ట్‌వేర్ ఉందో లేదో చూసుకున్నాకే మౌంట్ కొనాలి. నీనా అనే సాఫ్ట్‌వేర్‌లో మూడు బిందువుల పద్ధతి ఇలాంటిదే. ధ్రువం చుట్టుపక్కల ఆకాశం కనబడితేనే పనిచేసే పద్ధతులు మనకు సగం ఇళ్లలో కుదరవు.

రెండో చిక్కు ట్రైపాడ్ కాలు. "ఒక కాలు ఉత్తరానికి పెట్టండి" అన్నది ఎత్తు అక్షాంశాల సలహా. 17 డిగ్రీల దగ్గర కౌంటర్‌వెయిట్ కడ్డీ దాదాపు నిటారుగా కిందికి వేలాడి, సరిగ్గా ఆ ఉత్తరపు కాలికే గుద్దుకుంటుంది. కౌంటర్‌వెయిట్ ఉన్న మౌంట్ అయితే ట్రైపాడ్‌ను 60 డిగ్రీలు తిప్పి, రెండు కాళ్ల మధ్య ఖాళీ ఉత్తరానికి వచ్చేలా పెట్టండి. లేదా మౌంట్ కింద ఎక్స్‌టెన్షన్ పైపు వేయండి. కౌంటర్‌వెయిట్ లేని హార్మోనిక్‌కు మాత్రం ఉత్తరపు కాలే మంచిది, బరువు అటే వాలుతుంది కాబట్టి. కొనేముందు ఇరుసు వంపు మార్చే ఆల్టిట్యూడ్ స్క్రూ 13 డిగ్రీల దాకా దిగుతుందో లేదో కూడా అడగండి. కొన్ని మౌంట్లలో కింది హద్దు దగ్గరకొచ్చేసరికి బోల్టు ట్రైపాడ్‌ను తాకుతుంది.

అపోహ: గోటో ఆల్ట్-అజిమత్ మౌంట్‌తో కూడా నిమిషాల ఎక్స్‌పోజర్ తీయొచ్చు

ఆల్ట్-అజిమత్ అంటే పైకీ కిందికీ, పక్కలకూ మాత్రమే తిరిగే మౌంట్. వస్తువు మధ్యలోనే ఉంటుంది, ఫ్రేము మాత్రం చుట్టూ తిరుగుతుంది. ఓరియన్ నెబ్యులా హైదరాబాద్‌లో దక్షిణాన 67 డిగ్రీల ఎత్తుకు వచ్చినప్పుడు ఆ తిరుగుడు గంటకు దాదాపు 37 డిగ్రీలు. 6000 పిక్సెళ్ల వెడల్పున్న సెన్సర్ అంచున 30 సెకన్లకు 16 పిక్సెళ్లు. నడినెత్తికి దగ్గరయ్యే కొద్దీ ఇంకా ఘోరం. సరిగ్గా తూర్పున, పడమరన ఉన్నప్పుడు మాత్రం తిరుగుడు దాదాపు ఉండదు. స్మార్ట్ టెలిస్కోపులు 10 సెకన్ల సబ్‌లతో నెట్టుకొచ్చేది ఇందుకే.

అపోహ: 5 నిమిషాల సబ్ తీయలేని మౌంట్ దండగ

ఊళ్లో ఫిల్టర్ లేకుండా ఎఫ్/5 దగ్గర 30 నుంచి 60 సెకన్లకే ఆకాశపు వెలుతురు కెమెరా రీడ్ నాయిస్‌ను (కెమెరా తానే కలిపే గరగర) మించిపోతుంది. ఆపైన సాగదీస్తే వచ్చే లాభం ఏమీ లేదు. లెక్కకొచ్చేది మొత్తం సమయం. 60 సెకన్ల సబ్‌లు 180 తీస్తే 3 గంటలు, గాలికి పది పాడైతే పోయేది 10 నిమిషాలు. అదే 5 నిమిషాల సబ్‌లైతే పదికి 50 నిమిషాలు గోవిందా. రెండు రంగుల వెలుతురునే వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ వేసినప్పుడు, హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ దాటి అదే హైవే మీద పెంచ్ లాంటి చీకటి చోటుకు వెళ్లినప్పుడు, 2 నుంచి 5 నిమిషాలు అవసరం పడతాయి. పెంచ్ 2024లో మన దేశపు మొదటి డార్క్ స్కై పార్క్ అయింది.

మిగతావి క్లుప్తంగా. గోటో స్టార్ అలైన్‌మెంట్ వస్తువును వెతకడానికే, పోలార్ తప్పును అది సరిచేయదు. ట్రైపాడ్ నడిమి కడ్డీ పైకి లాగడం అంటే స్థిరత్వాన్ని అమ్ముకుని ఎత్తు కొనుక్కోవడం. మేడ మీద స్లాబు నడిమధ్య పెట్టకండి, నడిస్తే ఊగుతుంది. కింద పిల్లరో దూలమో ఉన్న చోట పెట్టి, రాత్రి ట్యాంక్ మోటారు వేయొద్దని ఇంట్లో ముందే చెప్పండి. నల్లరేగడి పొలంలో కాళ్లు గంటకింత దిగబడి అలైన్‌మెంట్ పోతుంది. మూడు కాళ్లకింద మూడు కడప బండ ముక్కలు వేస్తే చాలు. కరెంటు: మౌంట్, చిన్న కంప్యూటర్, కూల్డ్ కెమెరా, హీటర్లు కలిపి 12 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లు లాగితే, 20 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 5 గంటలు వస్తుంది. ఆ బ్యాటరీ దాదాపు 240 వాట్-అవర్లు. విమానంలో 100 దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే అసలు ఎక్కనివ్వరు.

సెకండ్ హ్యాండ్ వార్మ్ మౌంట్ చూడటానికి వెళ్తే క్లచ్‌లు బిగించి, కౌంటర్‌వెయిట్ కడ్డీ చివర రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఆడించండి. టక్ టక్‌మని తగిలితే వార్మ్ దగ్గర వదులుంది. సెట్ స్క్రూలతో సరిచేయొచ్చు, భయపడక్కర్లేదు, ధర తగ్గించమని అడగండి. తర్వాత మోటారుతో ఒక ఇరుసును పూర్తిగా ఒక చుట్టు తిప్పించి శబ్దం వినండి. ఒక్కచోట మాత్రమే గొంతు మారి బిగుసుకుంటుంటే గేర్ సమంగా లేదు. అలాంటిది ఎంత చవకైనా వద్దు.