ఆస్తి, అద్దె, బస్సు, బ్యాలెట్: గోదావరి డెల్టాలో ట్రాన్స్‌జెండర్ల హక్కులపై అపోహలు - వాస్తవాలు

ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద మన వైపు చర్చ మొదలైతే బాత్రూమ్ దగ్గరో, రిజర్వేషన్ దగ్గరో ఆగిపోతుంది. న్యాయ సహాయం కోసం వచ్చేవాళ్ళ గోడు వేరు. తండ్రి పొలం అన్నదమ్ముల పేర ఎక్కిపోయింది. ఇంటి ఓనరు సామాన్లు వీధిలో పెట్టించాడు. కండక్టర్ ఆధార్ చూసి ఉచిత టికెట్ కుదరదన్నాడు. వీటిలో చాలావాటికి కొత్త చట్టం రానక్కర్లేదు, ఉన్నవే సరిపోతాయి. నోటిమాటగా అడిగి, నోటిమాటగా కాదనిపించుకుని వెనక్కి రావడం వల్లే ఎక్కువ కేసులు పాడవుతున్నాయి. అందుకే కింద ప్రతిచోటా కాగితం సంగతి ఎక్కువగా కనిపిస్తుంది.

అపోహ: ఇల్లు వదిలి వెళ్ళి "అలా మారిపోయిన" బిడ్డకు ఆస్తిలో వాటా ఉండదు.

వాస్తవం: ఉంటుంది. ముందుగా దీన్నే చెప్పడానికి కారణం ఉంది. డెల్టాలో ఎకరం చేనైనా, అర ఎకరం కొబ్బరి తోటైనా ఒక మనిషి బతుకును నిలబెట్టగలదు. సరిగ్గా అక్కడే ఎక్కువ అన్యాయం జరుగుతోంది.

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి వీలునామా రాయకుండా పోతే కొడుకూ కూతురూ ఇద్దరూ మొదటి తరగతి వారసులే, వాటాలు సమానం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే సవరణ తెచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005 సెప్టెంబర్ 9 నుంచి వచ్చింది. కాబట్టి ఆ బిడ్డను కొడుకుగా లెక్కేసినా కూతురిగా లెక్కేసినా వాటా తేడా రాదు. అదే చట్టంలో 28వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది: జబ్బు, లోపం, వైకల్యం ఉందన్న కారణంతో ఎవరినీ వారసత్వం నుంచి తప్పించకూడదు. "వాడు మగాడు కాదు కదా, వాటా ఎందుకు" అన్న పెదరాయుడి తీర్పులకు చట్టంలో చోటు లేదు. క్రైస్తవ కుటుంబాలకు వర్తించే 1925 భారత వారసత్వ చట్టంలోనూ పిల్లలందరికీ సమాన వాటాలే. ముస్లిం కుటుంబాల్లో కొడుకు వాటా కూతురి వాటాకు రెట్టింపు కాబట్టి అక్కడ ఎవరిగా లెక్కేస్తారన్నది ముఖ్యమవుతుంది. వాళ్ళు ఆ చట్టం తెలిసిన వకీలును విడిగా కలవాలి.

ఒక హద్దు మాత్రం ఉంది. హిందూ, క్రైస్తవ కుటుంబాల్లో తండ్రి స్వార్జితాన్ని ఆయన ఎవరికైనా వీలునామా రాసుకోవచ్చు. పిల్లలు ట్రాన్స్ అయినా కాకపోయినా దానికి అడ్డు చెప్పలేరు.

పని ఎక్కడ చెడుతుంది? తండ్రి పోయిన కొన్నాళ్ళకు ఇంట్లోవాళ్ళు సచివాలయంలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు పెడతారు. అందులో ఒక పేరు రాయరు. ఆ సర్టిఫికెట్‌తో మ్యుటేషన్ అయిపోతుంది, పాస్ పుస్తకం వస్తుంది, ఊళ్ళో అందరూ "ఇక అయిపోయింది" అంటారు. అయిపోలేదు. రెవెన్యూ రికార్డులో పేరెక్కినంత మాత్రాన హక్కు పుట్టదు, పేరు లేనంత మాత్రాన పోదు. చెయ్యాల్సినవి ఇవి. తహసీల్దార్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. మీభూమి వెబ్‌సైట్‌లో పొలం రికార్డులైన అడంగల్, 1బి చూసి సర్వే నంబర్లన్నీ రాసుకోవాలి, ఒక్క నంబరు వదిలినా దావాలో ఆ చెక్క జారిపోతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయిస్తే ఎవరెవరికి ఏం రాశారో తేలుతుంది. తర్వాత సివిల్ కోర్టులో భాగపంపిణీ దావా వేసి, అమ్మకుండా ఇంజంక్షన్ అడగాలి. దావా నడుస్తుండగా ఎవరైనా కొన్నా ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ కింద వాళ్ళు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే.

పేరు మార్చుకున్నవాళ్ళకు ఇక్కడే పెద్ద చిక్కు. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే అవతలి వకీలు మొదటి ప్రశ్నే "అసలు ఈ మనిషెవరు" అని వేస్తాడు. పాత పేరు, కొత్త పేరు రెండూ ఒకే వ్యక్తివని నోటరీ అఫిడవిట్, గెజిట్ ప్రకటన ఉంటే దాని కాపీ, పాత స్కూలు రికార్డు, పాత రేషన్ కార్డు కలిపి ఒక ఫైలు చేసి పెట్టుకోవాలి. కొత్త కార్డు వచ్చిందని పాతవి చించేయవద్దు. మెమో మీద పాత పేరు చూడటం ఎంత బాధో తెలుసు, అయినా ఆ మెమోయే రేపు తండ్రి పేరుతో మిమ్మల్ని కలిపే సాక్ష్యం.

సంక్రాంతికి పిలిచి, నాలుగు రోజులు బాగా చూసుకుని, "కాగితాలు సర్దుకోవాలి, ఒక్క సంతకం పెట్టు" అనడం డెల్టాలో పాత పద్ధతి. హక్కు విడుదల దస్తావేజు చదవకుండా సబ్ రిజిస్ట్రార్ ముందు సంతకం పెట్టవద్దు. మోసం చేసి రాయించుకున్నారని రద్దు చేయించాలంటే ఆ మోసం తెలిసిన మూడేళ్ళలోపు కోర్టుకు వెళ్ళాలి. ఊరి పెద్దల ముందు తెల్లకాగితం మీద రాయించుకున్నదాంతో మాత్రం భూమి చేతులు మారదు.

అపోహ: నా ఇల్లు, నా ఇష్టం. ఎప్పుడు వద్దంటే అప్పుడు ఖాళీ చేయిస్తాను.

వాస్తవం: 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల (హక్కుల పరిరక్షణ) చట్టం మూడో సెక్షన్ అద్దెకు ఇల్లు ఇచ్చే విషయంలో వివక్షను నిషేధించింది. కానీ ఆ సెక్షన్‌కు విడిగా శిక్ష లేదు. చట్టంలోని ఈ బలహీనతను దాచడం వల్ల ఉపయోగం లేదు. "టూలెట్" బోర్డు పెట్టి మిమ్మల్ని చూశాక "ఇచ్చేశాం" అన్న ఓనరు మీద పోలీసు కేసు నిలబడటం కష్టం. ఉంటున్న ఇంటి నుంచి, ఊరి నుంచి బలవంతంగా వెళ్ళగొట్టడం వేరు. అది 18వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. అందువల్ల ఇంట్లో చేరిన రోజే సాక్ష్యం తయారు చేసుకోవాలి. స్టాంపు కాగితం మీద 11 నెలల అగ్రిమెంటు రాయించుకోవాలి, అడ్వాన్సు ఎంతో అందులో ఉండాలి, అద్దె ఫోన్‌పేలోనో బ్యాంకులోనో కట్టాలి, కరెంటు బిల్లు కాపీలు దాచాలి. చేతికిచ్చిన అద్దెకు రసీదు లేకపోతే "ఇక్కడెప్పుడున్నారు" అన్న మాటకు జవాబు ఉండదు.

కన్నవాళ్ళ ఇంటికీ ఇదే వర్తిస్తుంది. ట్రాన్స్ అన్న కారణంతో పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేయాలంటే కోర్టు ఉత్తర్వు ఉండాలని 12వ సెక్షన్ చెబుతోంది.

అపోహ: స్త్రీశక్తి ఉచిత బస్సు ఆడవాళ్ళకే.

వాస్తవం: 2025 ఆగస్టు 15న మొదలైన ఈ పథకంలో ట్రాన్స్‌జెండర్లూ ఉన్నారు. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులకు వర్తిస్తుంది. రావులపాలెంలో సూపర్ లగ్జరీ ఎక్కి అడిగితే లాభం లేదు. రాష్ట్రంలో నివాసం చూపే గుర్తింపు కార్డు ఉండాలి, సున్నా టికెట్ తప్పకుండా తీసుకోవాలి. గొడవంతా ఆధార్‌లో ఇంకా "పురుషుడు" అని ఉన్నవాళ్ళకే వస్తోంది. కండక్టర్‌కు కనిపించేది కార్డు ఒక్కటే, కాబట్టి ఆధార్ సరిచేయించుకోవడమే దారి. కార్డు సరిగ్గా ఉండి కూడా కాదంటే బస్సు నంబరు, టైము, ఎక్కిన చోటు రాసుకుని ఆ డిపో మేనేజర్‌కు ఫిర్యాదు ఇవ్వాలి. బస్సులో తిట్ల దాకా వెళ్తే అసలు విషయం పక్కకు పోతుంది.

అపోహ: కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రం లేకపోతే ఏ హక్కూ లేదు.

వాస్తవం: పథకాలకు, కార్డుల్లో మార్పులకు పత్రం కావాలి. ఎన్టీఆర్ భరోసాలో నెలకు రూ.4,000 పింఛను అలాంటిదే. కొట్టినవాడి మీద కేసు పెట్టడానికి, ఆస్తి అడగడానికి, ఆసుపత్రిలో చేరడానికి పత్రం చూపించమనే హక్కు ఎవరికీ లేదు. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు తన లింగాన్ని తాను నిర్ణయించుకునే హక్కును గుర్తించింది. ఆపరేషన్ చేయించుకుంటేనే గుర్తిస్తామనడం చట్టవిరుద్ధమని కూడా చెప్పింది. పత్రం ఇచ్చే పద్ధతి మీద మాత్రం వాదోపవాదాలు ఆగలేదు. అందువల్ల పాత ఫారం జిరాక్స్ పట్టుకుని వెళ్ళకుండా, దరఖాస్తు పెట్టే రోజున అమల్లో ఉన్న నిబంధనలు ఏమిటో కలెక్టరేట్‌లో అడిగి, అక్కడి నుంచే ఫారం తీసుకోండి.

అపోహ: ట్రాన్స్ మహిళల్ని పనిలో పెట్టుకుంటే మిగతా ఆడవాళ్ళు పని మానేస్తారు.

వాస్తవం: భీమవరం, కాకినాడ చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో ఈ మాట తరచూ వినబడుతుంది. పీలింగ్‌లో, అంటే రొయ్యల పొట్టు తీసే చోట పనిచేసేవాళ్ళు ఏప్రాన్, గమ్‌బూట్లు, తల టోపీ వేసుకునే లోపలికి వెళ్ళాలి. అంటే బట్టలు మార్చుకునే గది తప్పదు. ఆడవాళ్ళ ఇబ్బందిని కొట్టిపారేయకూడదు. తలుపుకు గడియ లేని గదిలో, లైటు వెలగని మరుగుదొడ్డిలో ఎవరికైనా భయమే. అదే గదిలో నిలువెత్తు పార్టిషన్లతో నాలుగు క్యాబిన్లు, లోపలి గడియ, కొక్కెం, లైటు పెడితే ఆ భయం తగ్గుతుంది, ట్రాన్స్ కార్మికురాలికీ అదే కావాలి. విడిగా ఒక గది కట్టి బోర్డు తగిలించడం మాత్రం మంచిది కాదు. ఆ మనిషి ఎవరో గేటు దగ్గర నుంచే అందరికీ చాటినట్టవుతుంది. 2019 చట్టం కింద వచ్చిన 2020 నియమాలు ఉద్యోగి లింగ గుర్తింపును గోప్యంగా ఉంచమంటున్నాయి. ఎవరైనా తొంగిచూసినా, ఫోన్‌లో తీసినా అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మహిళల పట్ల నేరం. చేసిందెవరన్నది అక్కడ అనవసరం.

యజమానులకు తెలియనిది ఇంకొకటి ఉంది. ఫిర్యాదుల అధికారిని నియమించడం ప్రతి సంస్థకూ తప్పనిసరి, ఇంతమంది ఉద్యోగులుంటేనే అన్న పరిమితి లేదు. ఫిర్యాదు అందిన 15 రోజుల్లో విచారణ, నివేదిక వచ్చిన 15 రోజుల్లో చర్య. మేస్త్రి ద్వారా తెచ్చుకున్న కూలీల విషయంలో ప్లాంటు "మాకు సంబంధం లేదు" అంటుంది, మేస్త్రి "ప్లాంటువాళ్ళే వద్దన్నారు" అంటాడు. ఫిర్యాదు ఇద్దరికీ ఇవ్వాలి. ట్రాన్స్ అని తెలిసి ఉద్యోగం తీసేసిన ఒక టీచర్ కేసులో 2025 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది. జిల్లాల్లో ట్రాన్స్‌జెండర్ రక్షణ సెల్‌లు పెట్టమని రాష్ట్రాలను ఆదేశించింది కూడా ఆ తీర్పులోనే.

అపోహ: డాక్టరుకో, భూతవైద్యుడికో చూపిస్తే మామూలైపోతారు.

వాస్తవం: ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక రుగ్మతల జాబితా నుంచి దీన్ని తీసేసింది, ఆ కొత్త వర్గీకరణ 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. "మార్చే" చికిత్స చేయడం డాక్టరుకు వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. వేపమండలతో కొట్టడం, గదిలో బంధించడం నేరాలు.

అపోహ: ట్రాన్స్ మహిళ పెళ్ళి చెల్లదు, భర్త హింసిస్తే కేసు లేదు.

వాస్తవం: ట్రాన్స్ వ్యక్తులు స్త్రీ పురుష సంబంధంలో ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్ళి చేసుకోవచ్చని 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు చెప్పింది. భర్త, అత్తింటివారి క్రూరత్వం మీద ట్రాన్స్ మహిళ పాత ఐపీసీ 498ఎ (ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 85) కింద ఫిర్యాదు చేయవచ్చని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో తేల్చింది. ఆ కేసునే మాత్రం ఆధారాలు లేవని కొట్టేసింది. అంటే కట్నం డబ్బు ఎప్పుడు, ఎలా ఇచ్చారో, ఏ రోజు ఏం జరిగిందో ఫిర్యాదులో స్పష్టంగా రాయకపోతే హక్కు ఉండి కూడా కేసు నిలవదు.

అపోహ: ఎన్నికల్లో నిలబడటం కుదరదు.

వాస్తవం: జనరల్ స్థానంలో ఏ అడ్డూ లేదు. షబ్నమ్ మౌసీ ఎప్పుడో మధ్యప్రదేశ్‌లో ఎమ్మెల్యేగా గెలిచారు. వివాదమంతా మహిళలకు కేటాయించిన స్థానాల దగ్గరే. మధ్యప్రదేశ్‌లోని కట్నీలో మేయర్‌గా గెలిచిన కమలా జాన్ ఎన్నిక ఆ కారణంతోనే రద్దయింది. నల్సా తీర్పు తర్వాత, 2021 జనవరిలో బాంబే హైకోర్టు ఒక ట్రాన్స్ మహిళను మహిళా వార్డులో పంచాయతీకి పోటీ చేయనిచ్చింది. వార్డు సభ్యత్వానికైనా సర్పంచి పదవికైనా నామినేషన్ వెయ్యదలచినవాళ్ళు నోటిఫికేషన్ దాకా ఆగకుండా ఓటర్ల జాబితాలో పేరు, లింగం, ఫొటో ఫారం 8తో ముందే సరిచేయించుకోవాలి. స్క్రూటినీలో (నామినేషన్ల పరిశీలనలో) నామినేషన్ తిరస్కరిస్తే కారణం రాసిన ఉత్తర్వు కాపీ అడిగి తీసుకోవాలి, అది లేకుండా పై కోర్టులో మొదలుపెట్టడానికి ఏమీ ఉండదు.

అపోహ: స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఇంకేం చెయ్యలేం.

వాస్తవం: తీసుకోకపోతే అదే ఫిర్యాదును భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4) కింద జిల్లా ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్ళవచ్చు. లైంగిక దాడి విషయంలో చట్టం ఇప్పటికీ అన్యాయంగానే ఉంది. అత్యాచారం సెక్షన్ బాధితురాలు "స్త్రీ" అయితేనే వర్తిస్తుంది, కనీస శిక్ష పదేళ్ళు. 2019 చట్టం మాత్రం ట్రాన్స్ వ్యక్తి మీద లైంగిక దాడికి గరిష్ఠంగా రెండేళ్ళే పెట్టింది. అందువల్ల ఫిర్యాదులో 18వ సెక్షన్ ఒక్కటే రాసి ఊరుకోకూడదు. గాయాలుంటే గాయాల సెక్షన్లు, బంధిస్తే అక్రమ నిర్బంధం, బెదిరిస్తే నేరపూరిత బెదిరింపు, డబ్బు గుంజితే దోపిడీ అన్నీ విడివిడిగా పడేలా జరిగిందంతా వరసగా రాయాలి. దెబ్బలుంటే అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి ఎంఎల్‌సీ (గాయాలను పోలీసు కేసు కోసం డాక్టరు నమోదు చేసే మెడికో లీగల్ కేసు) చేయించుకోవాలి. రాయడానికి మనిషి కావాలంటే 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థతో కలుపుతారు.