చెవిలో హోరు, ఎఫ్‌ఎన్‌డి: అపోహలు – వాస్తవాలు

ఆడియాలజిస్టుగా నేను చూసేవారిలో కొందరికి చెవిలో హోరు, అంటే టినిటస్‌తో పాటు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్, అంటే ఎఫ్‌ఎన్‌డి (మెదడు, నాడీవ్యవస్థ పనిచేసే తీరులో తేడా వల్ల బలహీనత, వణుకు వంటివి కలిగే జబ్బు) కూడా ఉంటుంది. ఈ రెండింటినీ ముడిపెట్టి చెప్పే కొన్ని మాటలు వారి బాధను మరింత పెంచుతున్నాయి.

అపోహ: వినికిడి పరీక్ష బాగుందంటే ఆ హోరు కేవలం ఊహ.

వాస్తవం: సాధారణ ఆడియోగ్రామ్ 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకే కొలుస్తుంది కాబట్టి, అంతకన్నా కీచైన శబ్దాల విషయంలో ఉన్న వినికిడి లోపం అందులో కనిపించదు. లోపలి చెవి నుంచి అందవలసిన సంకేతాలు తగ్గినప్పుడు మెదడులోని శ్రవణ మార్గాలు తమ స్పందనను పెంచుకుంటాయని, ఆ పెరిగిన నాడీ చర్యే శబ్దంగా వినిపిస్తుందని నేడు ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు. శ్రవణ నాడిని కోసివేసిన తరువాత కూడా చాలామందికి హోరు ఆగదు.

అపోహ: ఎఫ్‌ఎన్‌డి ఉన్నవారికి వచ్చే హోరు కూడా ఎఫ్‌ఎన్‌డి లక్షణమే.

వాస్తవం: ఎఫ్‌ఎన్‌డిని పరీక్షలో కనబడే నిర్దిష్టమైన గుర్తులను బట్టి నిర్ధారిస్తారు. ఉదాహరణకు, పడుకున్న మనిషిని బలహీనమైన కాలి మడమతో కిందికి నొక్కమంటే బలం కనబడదు. రెండో కాలిని వైద్యుని చేతికి ఎదురుగా పైకెత్తమన్నప్పుడు అదే మడమ దానంతటదే గట్టిగా కిందికి నొక్కుకుంటుంది. 1908లో వర్ణించిన ఈ హూవర్ గుర్తు వంటిది హోరు విషయంలో ఏదీ లేదు. అందుచేత పాత నిర్ధారణ ఒకటి చీటీలో ఉన్నంత మాత్రాన కొత్త లక్షణాన్ని దాని ఖాతాలో వేయడం నా దృష్టిలో అన్యాయం.

అపోహ: అలాగైతే రెండింటికీ ఏ సంబంధమూ లేదు.

వాస్తవం: ఒకటి మరొకదానికి కారణమని రుజువు కాలేదు, కానీ పోలిక లేకపోలేదు. ఎఫ్‌ఎన్‌డిలో వచ్చే వణుకు, మనసు వేరే పనిమీదికి మళ్ళినప్పుడు తరచుగా తగ్గుతుంది. హోరు కూడా దానిని గమనిస్తూ, భయపడుతూ ఉన్నకొద్దీ పెద్దదిగా తోస్తుంది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు మామూలు వినికిడి ఉందనుకున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టినప్పుడు, వారిలో 94 శాతం మంది ఏదో ఒక శబ్దం వినిపించిందని చెప్పారు. ఇంద్రియాలు తెచ్చే సమాచారం కన్నా మెదడు తన అంచనాకే ఎక్కువ విలువ ఇవ్వడం వల్ల ఇటువంటి అనుభవాలు స్థిరపడతాయన్న సిద్ధాంతాన్ని హోరును పరిశోధించేవారూ, ఎఫ్‌ఎన్‌డిని పరిశోధించేవారూ విడివిడిగా ప్రతిపాదించారు. ఇందులో నటన గానీ, మనోబలం లేకపోవడం గానీ లేదు.

అపోహ: హోరుకు చికిత్సే లేదు.

వాస్తవం: కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స, శబ్దాన్ని పోగొట్టకపోయినా దానివల్ల కలిగే బాధను తగ్గిస్తుంది. వినికిడి లోపం ఉంటే శ్రవణ యంత్రం తోడ్పడుతుంది.

అయితే హోరు ఒక చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు లయగా వినిపించినా చెవి వైద్యునికి తప్పక చూపించుకోవాలి. హోరుతో పాటు హఠాత్తుగా వినికిడి తగ్గితే, ఎఫ్‌ఎన్‌డి ఉన్నా లేకున్నా, అదే రోజు వెళ్ళాలి. ఎందుకంటే దానికి ఇచ్చే స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాలలోనే ఎక్కువ ఫలితాన్నిస్తుంది.