స్పీకర్ వైరు జబ్బులు కొసల్లోనే: అపోహలు – వాస్తవాలు

నేను ఆడియో పరికరాలు బాగుచేస్తాను. ‘ఒక పక్క స్పీకర్ పోయింది’ అంటూ తెచ్చేవాటిలో చాలావాటికి ఆంప్లిఫయర్ బాగానే ఉంటుంది, స్పీకరూ బాగానే ఉంటుంది. నల్లబడిన వైరు కొసో, వదులైన క్లిప్పో కారణం. మంచి సెట్‌ను ‘పాతదైపోయింది’ అని తీసేసే ముందు ఇది ఒక్కసారి చదవమని నా మనవి.

అపోహ: వైరు ఎంత ఖరీదైనదైతే శబ్దం అంత బాగుంటుంది.

చూడవలసింది మందం, పొడవు, అసలు రాగి అవునా కాదా అన్నదే. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు మీటరుకు దాదాపు 0.0115 ఓముల నిరోధం ఉంటుంది. స్పీకర్ 5 మీటర్ల దూరంలో ఉంటే రాకపోకలకు 10 మీటర్ల తీగ, అంటే 0.12 ఓములలోపే. వైరు నిరోధం స్పీకర్ ఓముల్లో 5 శాతం దాటకూడదన్నది మేము పాటించే లెక్క. 8 ఓముల స్పీకర్‌కు ఆ హద్దు 0.4. కాబట్టి మామూలు గదికి ఈ వైరు ధారాళంగా సరిపోతుంది. దూరం 10 మీటర్లు, స్పీకర్ 4 ఓములు అయితే మాత్రం 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు వెళ్లండి. పెట్టెలో వచ్చే సన్నని వైరును అంత దూరం లాగితే బాస్ బిగి తప్పుతుంది.

మోసం జరిగేది మరో చోట. అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసి అమ్ముతున్నారు. అదే మందంలో దాని నిరోధం రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు. అది తొందరగా విరుగుతుంది కూడా. కొనేముందు ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు. పైన తెల్లగా ఉండి గీకితే ఎర్రగా కనిపించేది తగరపు పూత ఉన్న రాగి. దాన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు.

అపోహ: ఒకసారి బిగించాక ఇక చూసే పని లేదు.

గాలిలోని తేమకు రాగి నల్లబడుతుంది, ఒక్కోసారి పచ్చబడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. శబ్దం వస్తూ పోతూ ఉండటం, వాల్యూమ్ పెంచితే గరగరమనడం, వైరు కదిపితే సర్దుకోవడం దీని లక్షణాలు. ఏడాదికోసారి సెట్ కరెంటు ప్లగ్గు తీసేసి, నల్లబడిన కొసను మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించండి. సెంటీమీటరు మేర తొడుగు ఒలిచి, పోగులన్నీ ఒకే వైపుకు గట్టిగా మెలిపెట్టి బిగించండి. వైరు మొదట్లోనే ఒక జానెడు ఎక్కువ వదిలితే ఇలా చాలా ఏళ్లు కోసుకోవచ్చు.

రెండు సంగతులు తప్పక చూసుకోండి. క్లిప్పు రాగిని పట్టాలి, ప్లాస్టిక్ తొడుగును కాదు. ఒక్క పోగు కూడా బయటికి పొడుచుకొచ్చి పక్క టెర్మినల్‌ను తాకకూడదు. తాకితే ఆంప్లిఫయర్ రక్షణ కోసం ఆగిపోతుంది. ఆ ఏర్పాటు లేని సెట్టయితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. మరలను వేళ్లతో బిగిస్తే చాలు. పట్టకారు వాడితే టెర్మినల్ ప్లాస్టిక్ చిట్లుతుంది.

అపోహ: కొసకు సోల్డర్ పూస్తే పట్టు గట్టిగా ఉంటుంది.

సోల్డర్ మెత్తని లోహం. మర ఒత్తిడికి నెమ్మదిగా అణిగిపోతుంది, కొన్నాళ్లకు పట్టు వదులవుతుంది. మర కింద పెట్టే కొసకు ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) తొడిగి నొక్కండి, లేదా టెర్మినల్ రంధ్రంలోకి దూరే బనానా ప్లగ్గు వాడండి. సోల్డరింగ్ అసలు ఉపయోగపడేది వైరు మధ్యలో అతుకుకు. దానిపై వేడికి ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించాలి. ఉత్త ఇన్సులేషన్ టేపు మన ఎండలకు జిగురు కారి ఊడిపోతుంది.

అపోహ: శబ్దం వస్తోందంటే ప్లస్ మైనస్ సరిగ్గానే ఉన్నట్టు.

నాకు బాధ కలిగించేది ఇదే. ఒక స్పీకర్‌కు ప్లస్ మైనస్ తారుమారైతే ఒక కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి పొర) ముందుకు వస్తున్నప్పుడు రెండోది వెనక్కి పోతుంది. బాస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, గాయకుడి గొంతు మధ్యలో నిలవక గదంతా చెదిరిపోతుంది. ఇంటివాళ్లు స్పీకర్లు నాసిరకమనుకుంటారు. పరీక్ష సులువు. వైర్లను ఆంప్లిఫయర్ నుంచి పూర్తిగా విప్పి, ఆంప్లిఫయర్ ప్లస్‌కు వెళ్లే కొసకు సెల్లు ప్లస్ వచ్చేలా 1.5 వోల్టుల సెల్లును క్షణకాలం తాకించండి. రెండు స్పీకర్ల బాస్ కోన్లూ ఒకే వైపుకు కదలాలి.

చిన్న చిన్న నమ్మకాలు మరికొన్ని. ప్లగ్గులపై బంగారు పూత శబ్దాన్ని పెంచదు, తుప్పు పట్టదు అంతే. తీరంలో ఉండేవారికి అది ఉపయోగమే. రెండు పక్కలా వైరు పొడవు సమానంగా ఉండక్కరలేదు. కొన్ని మీటర్ల తేడాతో వచ్చే ఆలస్యం చెవికి అందేది కాదు. వైరుపై ముద్రించిన బాణం గుర్తులకు సంగీతంతో సంబంధం లేదు, అందులో ప్రవహించేది అటూ ఇటూ మారే విద్యుత్తు.

అపోహ: మైనస్‌లన్నీ ఒకటే, కలిపేయవచ్చు.

ఇప్పటి డిజిటల్ ఆంప్లిఫయర్లు చాలావాటిలో మైనస్ టెర్మినల్‌లోనూ సిగ్నల్ ఉంటుంది. రెండు చానళ్ల మైనస్‌లను కలిపితే బోర్డు పోయే ప్రమాదం ఉంది. వైరు ఆదా కోసం ఈ పని చేయవద్దు.

అపోహ: కరెంటు పైపులోంచే స్పీకర్ వైరు లాగవచ్చు.

స్పీకర్ వైరు తొడుగు సాధారణంగా 230 వోల్టుల కోసం చేసింది కాదు. పైపులో ఎలుక కొరికినా, తీగ ఒరుసుకున్నా ఇంటి కరెంటు నేరుగా మీ సెట్ వెనుక టెర్మినళ్లకు చేరుతుంది. ఇల్లు కట్టేటప్పుడే వేరే పైపు వేయించండి. ఇప్పటికే కలిసి ఉంటే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ చేత ఆ వైరును బయటికి తీయించి గోడ అంచున పట్టీలో నడిపించండి.