ఏ కప్పా ఆల్ఫా? ఒకే పేరున్న ఫ్రటర్నిటీల గురించి అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పాత కాగితాలు, ఫోటోలు సర్ది పెట్టడం నా ఉద్యోగం. "మా ముత్తాత కప్పా ఆల్ఫాలో ఉండేవాడట, ఏమైనా దొరుకుతుందా?" అని తరచూ ఎవరో ఒకరు అడుగుతుంటారు. "ఏ కాలేజీ? ఏ సంవత్సరం?" అని నేను ఎదురు అడుగుతాను. మన ఊళ్లో సుబ్బారావుగారి ఇల్లెక్కడంటే "ఇంటిపేరేంటి?" అంటారే, అలాగన్నమాట. గ్రీకు అక్షరాలతో పేరు పెట్టుకున్న ఈ విద్యార్థి సంఘాలకు, అంటే ఫ్రటర్నిటీలకు, ఇంటిపేర్లు ఉండవు. పుట్టిన ఊరు, సంవత్సరమే వాటి ఇంటిపేరు.

అపోహ: పేరు ఒకటైతే సంఘమూ ఒకటే.

వాస్తవం: కప్పా ఆల్ఫాలు కనీసం మూడున్నాయి. మొదటిది 1812లో నార్త్ కరోలినా యూనివర్సిటీలో పుట్టింది. దాని పూర్తి పేరు కుక్లోస్ అడెల్ఫాన్, అంటే సోదరుల వలయం. ఆ రెండు మాటల మొదటి అక్షరాలే కప్పా, ఆల్ఫా. అది ఎప్పుడో కనుమరుగైంది. రెండోది కప్పా ఆల్ఫా సొసైటీ. న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో 1825లో మొదలైంది. మూడోది కప్పా ఆల్ఫా ఆర్డర్, వర్జీనియాలోని వాషింగ్టన్ కాలేజీలో 1865 డిసెంబరులో పుట్టింది. ఈ మూడింటికీ చుట్టరికం లేదు.

ఆర్డర్ కథలో ఒక తమాషా ఉంది. వాళ్లు మొదట పెట్టుకున్న పేరు ఫై కప్పా కై. అదే కాలేజీలో ఉన్న ఫై కప్పా సై వాళ్లు "మా పేరులా ఉంది" అని అభ్యంతరం చెప్పారు. సరే గొడవెందుకని మార్చుకున్నారు. మార్చుకుని పెట్టుకున్న పేరేమో ఉత్తరాదిలో అప్పటికి నలభై ఏళ్లుగా వాడుకలో ఉంది!

అపోహ: అమెరికా అంతర్యుద్ధంలో ఒకే సంఘం ఉత్తరం, దక్షిణం అని చీలింది.

వాస్తవం: చదువుకున్నవాళ్లు కూడా ఇలాగే అనుకుంటారు, అందులో వాళ్ల తప్పు లేదు. పాత జాబితాల్లో "కప్పా ఆల్ఫా, నార్తర్న్", "కప్పా ఆల్ఫా, సదర్న్" అని రాసి ఉంటుంది. మెథడిస్టు చర్చి 1844లో, బాప్టిస్టులు 1845లో బానిసత్వం విషయంలో నిజంగానే అలా చీలిపోయారు కాబట్టి ఇదీ అంతేననిపిస్తుంది. కానీ ఆ మాటలు జాబితా రాసినవాళ్లు గుర్తు కోసం తగిలించినవి. చీలాలంటే ముందు కలిసి ఉండాలి కదా.

అపోహ: ఇన్ని అక్షరాలుండగా ఒకే పేరు రావడం యాదృచ్ఛికం కాదు, ఎవరో కాపీ కొట్టారు.

వాస్తవం: లెక్క బాగానే ఉంది. 24 అక్షరాలతో రెండక్షరాల పేర్లు 576, మూడక్షరాలవి 13,824 వస్తాయి. కానీ చాలా సంఘాలు తమ గ్రీకు నినాదంలోని మాటల మొదటి అక్షరాలనే పేరుగా పెట్టుకునేవి. స్నేహం (గ్రీకులో ఫిలియా), సోదరుడు (అడెల్ఫోస్) లాంటి మాటలు అందరికీ ఇష్టమే, అందుకే ఫై, ఆల్ఫా మళ్లీ మళ్లీ వస్తాయి. పైగా పక్క రాష్ట్రంలో ఏ సంఘం ఉందో తెలిసేదెలా? విలియం రేమండ్ బెయిర్డ్ ఈ సంఘాలన్నిటినీ ఒక పుస్తకంలోకి ఎక్కించింది 1879లో.

అపోహ: సంబంధం లేనివి ఎప్పటికీ విడివిడిగానే ఉంటాయి.

వాస్తవం: కై ఫై సంగతి చూడండి. ప్రిన్స్‌టన్‌లో 1854లో ఒకటి, నార్త్ కరోలినాలో 1858లో ఒకటి, న్యూయార్క్‌లోని హోబార్ట్ కాలేజీలో 1860లో ఇంకొకటి. 1867లో ఉత్తరాదివి రెండూ కలిశాయి, 1874లో దక్షిణాదిది, అంటే నార్త్ కరోలినాది, వచ్చి చేరింది. ఇప్పుడు వాళ్లు చెప్పుకునే పుట్టిన సంవత్సరం 1824. అదే పేరుతో ప్రిన్స్‌టన్‌లో కొద్దికాలం నడిచిన సంఘం తేదీ అది. కాబట్టి గోడ మీద చెక్కిన సంవత్సరాన్ని చూసి వంశవృక్షం గీసేయకండి.

అపోహ: కుటుంబం ఏ ప్రాంతానిదో తెలిస్తే ఏ సంఘమో తెలిసిపోతుంది.

వాస్తవం: ఈ తప్పు నేనే చేశాను. జార్జియా కుటుంబం ఇచ్చిన ఫోటో, వెనక "కప్పా ఆల్ఫా" అని మాత్రమే రాసి ఉంది. దక్షిణాది కదా అని ఆర్డర్ పెట్టెలో పెట్టేశాను. చాలా నెలల తర్వాత భూతద్దంతో చూస్తే కోటు లోపలి వెయిస్ట్‌కోటుకు ఒక మూల నుంచి వేలాడుతున్న చిన్న నలుచదరపు బిళ్ల కనిపించింది. అది జేబు గడియారానికి కీ ఇచ్చే తాళంచెవి, సొసైటీవాళ్ల బ్యాడ్జీ. ఆర్డర్ వాళ్లదైతే డాలు ఆకారంలో ఉంటుంది. కుర్రాడు చదివింది ఉత్తరాది రాష్ట్రమైన మసాచుసెట్స్‌లో.

వెనకనున్న పాత రాతను చెరపలేదు. దాని కింద పెన్సిల్‌తో "సొసైటీ" అని, తేదీ రాసి, ఫోటోను పెట్టె మార్చాను.